చెయ్యెత్తని ముప్పై ముగ్గురు

జెనీవా,
7 సెప్టెంబర్ 2025

మామకు,

నీ చెవులు ఇక పూర్తిగా సెలవు తీసుకున్నాయని అమ్మ చెప్పింది. ఫోన్‌లో నేను అరిస్తే పక్కింటివాళ్లకు వినిపిస్తోందట, నీకు మాత్రం వినిపించడం లేదట. వాట్సాప్ చూడమంటే అది పిల్లలాట అన్నావట. సరే, ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు శామీర్‌పేట చుట్టుపక్కల సైకిలు తొక్కుతూ ఊరందరి ఉత్తరాలూ పంచావు. రిటైరయ్యాకైనా నీ పేరున ఒకటి రావాలి కదా.

నేను ఇక్కడ ఏం చేస్తానో సాలమ్మత్తకు అర్థం కాలేదట. విదేశాంగ శాఖలో చేరి పదేళ్లయినా నాకే అప్పుడప్పుడూ అర్థం కాదు. ఈ ఏడాదికి మాత్రం పని ఒక్కటే. మందుల ఫ్యాక్టరీలు వదిలే మురుగునీటి మీద నూట ఇరవై దేశాలు ఒక ఒప్పందం రాసుకుంటున్నాయి. మన దేశం తరఫున కూర్చున్న ఐదుగురిలో నేనొకదాన్ని. ధనిక దేశాలకు చౌక మందులు కావాలి, మురుగు మాత్రం మన దగ్గరే ఉండాలి, ఆ మురుగు గురించి పాఠాలు కూడా మనమే వినాలి. పేద దేశాలకు మందు ఎలా తయారైనా ఫరవాలేదు, ధర పెరగకూడదు. మందులు చేసేవాళ్లం మనం, మధ్యలో ఉన్నాం. పెద్ద దేశాలు మాట్లాడతాయి, చిన్న దేశాలు మొరపెట్టుకుంటాయి, మనలాంటి నడిమి దేశం గొంతు సవరించుకుంటుంది. రెండు నెలలుగా సవరించుకుంటూనే ఉన్నాం.

ఇక్కడి ఒక పద్ధతి నీకు నచ్చుతుంది. ముసాయిదా రాసి అన్ని దేశాలకూ పంపుతారు. ఫలానా తేదీ, ఫలానా గంట అని గడువు పెడతారు. ఆ గంట కొట్టేలోపు ఎవరూ కాదని రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. దీన్ని మౌన పద్ధతి అంటారు. ఓటు లేదు, చెయ్యెత్తడం లేదు, ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. పెద్ద పెద్ద ఒప్పందాలే ఇలా అయిపోతాయి.

నువ్వు మత్స్య సంఘానికి ఇరవై ఏళ్లుగా కార్యదర్శివి. నలభై ఇద్దరు సభ్యులను గొడవ లేకుండా ఎలా నడిపిస్తున్నావో రాయి. మా వాళ్లకు నేర్పుతాను.

సుచిత్ర


శామీర్‌పేట,
26 సెప్టెంబర్ 2025

కోడలు సుచిత్రకు,

నీ ఉత్తరం పన్నెండు రోజులకు చేరింది. కొత్త పోస్ట్‌మ్యాన్ కవరు మీది స్టాంపు చూసి, నన్ను చూసి, మళ్లీ స్టాంపు చూశాడు. నేనైతే చూసేవాణ్ణి కాదు, చేతిలో పెట్టి సైకిలెక్కేవాణ్ణి.

మేడ్చల్ బస్సులో కండక్టర్ ఇప్పటికీ నీ పేరు పిలుస్తూనే ఉన్నాడు. "సుచిత్ర దిగేటోళ్లు ముందుకు రండ్రి" అంటాడు. చెవులున్న రోజుల్లో నీ పేరున్న ఆ చౌరస్తా దగ్గర ఆ మాట విన్నప్పుడల్లా నవ్వు వచ్చేది. ఇప్పుడు అతని నోరు కదలడం చూసి నవ్వుకుంటున్నాను.

మౌన పద్ధతి అని ఏదో కొత్తగా చెప్పావు. అది నేను కనిపెట్టిందే. 2004 ఎండాకాలంలో జిల్లెలకుంట వలల వంతు గురించి ఇస్తారి, మైసయ్య కొట్టుకునేదాకా వచ్చారు. సమావేశం పెట్టాం. ఇద్దరూ అరిచారు, మిగతా అందరూ నేలచూపులు చూస్తూ కూర్చున్నారు. ఎవరిని అడిగినా ఉలుకూ పలుకూ లేదు. చీకటిపడకముందే తీర్మానాల పుస్తకం ముగించాలి. అప్పుడు రాశాను: "మౌనముగా ఉన్న సభ్యులు అంగీకరించినట్లుగా భావించడమైనది." తెల్లారి ఒక్కడూ అభ్యంతరం చెప్పలేదు. అప్పటినుంచి ప్రతి తీర్మానం కిందా ఆ వాక్యం రాస్తున్నాను. ఇరవై ఏళ్లలో అన్నీ ఏకగ్రీవాలే. జిల్లా ఆఫీసులో మా పుస్తకాన్ని వేరే సంఘాలకు చూపించి ఇలా రాయండి అని చెప్పారు. మీ జెనీవావాళ్లు నన్ను అడగకుండానే వాడుకుంటున్నారు, పోనీలే.

నన్నడిగితే సంఘమైనా దేశమైనా నడిమివాడికి ఉన్నది ఒకటే దారి. పెద్దవాళ్లు ఇద్దరూ మనల్ని తమవాడే అనుకోవాలి. నోరు తెరిస్తే ఎవరివైపో తెలిసిపోతుంది, సగం మందికి శత్రువు అవుతాం. తెరవకపోతే ఇద్దరూ దసరాకు మిఠాయి పంపుతారు. మా కుంటకు పైన మందుల ఫ్యాక్టరీ ఉంది, కింద కొంపల్లివాళ్లు కొత్తగా కట్టుకున్న విల్లాల కాలనీ ఉంది. ఇద్దరితోనూ నాకు మంచిగానే ఉంది. స్వతంత్రం అంటే ఇదేనని నేను అనుకుంటాను.

కుంట బాగానే ఉంది. మొన్న మీ అమ్మ వస్తే అత్త మేడ్చల్ మార్కెట్ నుంచి కొర్రమీను తెప్పించి పులుసు పెట్టింది. నీ పేరు తలచుకుంటూ తిన్నాం.

మామ
బాలేష్


జెనీవా,
17 అక్టోబర్ 2025

మామకు,

నీ ఉత్తరం మా ఆఫీసులో చదివి వినిపించాను. నాతోపాటు పనిచేసే సాయికిరణ్ ఆ వాక్యం రాసుకున్నాడు. నీకు ఇక్కడ ఒక శిష్యుడు దొరికాడు.

నువ్వు చెప్పిన స్వతంత్రం గురించి కొంచెం పేచీ పెట్టుకోవాలని ఉంది. ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి నాకూ అదే నేర్పారు. ఎవరి పక్షమూ కాకుండా నిలబడటం మన గౌరవం అని. అది అబద్ధం కాదు. మన కన్నా పెద్దవాళ్లు బెదిరించినప్పుడు తల వంచకపోవడానికి ఆ అలవాటే పనికొచ్చింది. కానీ ఎవరి పక్షమూ కాదు అనడానికి ఒక వాక్యం చాలు. మన పక్షం ఏమిటో చెప్పాలంటే మన ఇంట్లో ఏముందో ముందు మనం చూసుకోవాలి. అక్కడికి వచ్చేసరికి అందరికీ వేరే పనులు గుర్తొస్తాయి.

మా పెద్దసారు బీరువాలో ఒక కాగితం ఉంది. రెండేళ్ల కిందట ఆయనే రాశారు. మన ఫ్యాక్టరీలు వదిలే నీళ్లు మనమే పరీక్ష చేసి లెక్కలు అందరికీ తెలిసేలా పెడతాం, శుభ్రం చేసే ఖర్చులో మందులు కొనే ధనిక దేశాలూ వాటా వేసుకోవాలి, ఆ పని జరుగుతున్నంతకాలం పేద దేశాలకు మందులు ఆపకూడదు. అంతే. ఎవరినో కాపీ కొట్టింది కాదు, ఎవరికో భయపడి రాసింది కాదు. బయటికి తీస్తే రెండు పక్షాలకూ కోపం వస్తుంది కనుక లోపలే ఉంది.

ఇప్పుడు చర్చల అధ్యక్షస్థానం నుంచి వచ్చిన ముసాయిదా వేరు. ధనిక దేశాలు అడిగిన కట్టుబాట్లన్నీ అందులో ఉన్నాయి. మన నోరు మూయించడానికి ఒక మినహాయింపు కూడా ఉంది. పాత ఫ్యాక్టరీకి చుట్టుపక్కల జనం "మాకు అభ్యంతరం లేదు" అని రాసిస్తే పదేళ్లు ఈ ఒప్పందం దాన్ని ముట్టుకోదు. వాళ్లకు ఒప్పందం దక్కుతుంది, మన ఫ్యాక్టరీలకు పదేళ్లు దక్కుతాయి. మేం మౌనంగా ఉంటే చాలు. మావాళ్లందరికీ ఇది బాగానే ఉంది.

రెండు చిన్న ప్రశ్నలు. మీ పైన ఉన్న ఫ్యాక్టరీవాళ్లు ఎప్పుడైనా సంఘాన్ని ఏదైనా కాగితం అడిగారా? ఇంటిముందు కుంట పెట్టుకుని అత్త చేపలు మేడ్చల్ నుంచి ఎందుకు తెప్పించింది?

సుచిత్ర


శామీర్‌పేట,
4 నవంబర్ 2025

సుచిత్రకు,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. చలి మొదలైంది.

సంఘం వ్యవహారాలు సంఘం పుస్తకంలో ఉంటాయి. కావలసినవారు దరఖాస్తు పెట్టుకుని జిల్లా ఆఫీసులో చూసుకోవచ్చు. అత్తకు ఆ రోజు మేడ్చల్‌లో వేరే పని ఉండి, వస్తూ చేపలు తెచ్చింది. ప్రతిదానికీ అర్థం వెతకడం మీ ఉద్యోగంలో అలవాటు కావచ్చు.

గండిమైసమ్మ దగ్గర ఒకతను చెవి మిషన్లు అమ్ముతున్నాడంటే వెళ్లి వచ్చాను. పెట్టి చూశాను. మాటలకన్నా గరగర ఎక్కువ వినిపించింది. వద్దని ఇచ్చేశాను.

బాలేష్


జెనీవా,
20 నవంబర్ 2025

మామకు,

నీ ఉత్తరం ఒక పేజీ కూడా లేదు, కింద మామ అని కూడా రాయలేదు. నేను అడిగిన తీరు తప్పు. నాకు తెలిసింది దాచుకుని నిన్ను పరీక్ష పెట్టాను. ఇప్పుడు దాచకుండా చెబుతున్నాను.

ఆ మినహాయింపు కోసం మన దేశం నుంచి నలభై ధ్రువపత్రాలు నమూనాగా వచ్చాయి. ఫ్యాక్టరీల పక్కన ఉండే జనం సంతోషంగానే ఉన్నారని చూపించడానికి. అక్టోబర్ పదిహేనున ఆ కట్ట నా బల్ల మీదికి వచ్చింది. పదిహేడో పత్రం జిల్లెలకుంట మత్స్య సహకార సంఘానిది. 2019 ఆగస్టు తేదీ. ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు, అయినా చివరి వాక్యం చూడగానే నాకు తెలిసింది. మౌనంగా ఉన్న సభ్యులు అంగీకరించినట్లుగా భావించడమైనది. కింద నీ సంతకం. దానికి వారం ముందే నీ ఉత్తరం వచ్చింది. అందులో నువ్వు ఆ వాక్యం గురించి ఎంతో మురిసిపోతూ రాశావు.

సాయికిరణ్‌కు ఆ పత్రమే అన్నింటికన్నా నచ్చింది. నలభై ఇద్దరూ ఒకే మాట మీద ఉన్న సంఘం అని దాన్ని కట్టలో పైకి తెచ్చాడు.

నేను చేయగలిగింది ఒకటి ఉంది. నలభైలో ఒకటి తగ్గితే ఎవరూ అడగరు. పదిహేడోదాన్ని తీసి పక్కన పెట్టగలను. అప్పుడు నీ పేరు ఎక్కడా రాదు. ఉంచితే, రేపు ఎవరైనా ఆ నీళ్లు పరీక్ష చేసి చెడ్డవని తేలిస్తే, అబద్ధపు కాగితం కింద ఉన్న సంతకం నీది. ఇరవై ఏళ్ల కార్యదర్శి పని పోతుంది, ఊళ్లో పరువూ పోతుంది. నాకు భయంగా ఉంది మామా, దేశం గురించి కాదు, నీ గురించి.

గడువు జనవరి పదహారు, సాయంత్రం ఐదు గంటలు. ఆ లోపు మా వాళ్లు కాదని రాయకపోతే ముసాయిదా ఖాయం అవుతుంది. నాకు నిజం చెప్పు. తీసేయమంటే తీసేస్తాను.

సుచిత్ర


శామీర్‌పేట,
14 డిసెంబర్ 2025

కోడలు సుచిత్రకు,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులైంది. మూడుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. అత్తకు చూపించాను. ఆమె చదివి, ఇన్నాళ్లకు ఒకరు అడిగారు అని పలక మీద రాసి నా ముందు పెట్టింది. నేను చెవిటివాణ్ణయ్యాక ఇంట్లో మాట్లాడుకోవడానికి పలక కొన్నాం.

2019లో జరిగింది ఇది. దూలపల్లి పారిశ్రామికవాడలో చోటు చాలక మా కుంట పైకి వచ్చిన ఫ్యాక్టరీ అప్పటికే నాలుగేళ్లుగా నడుస్తోంది. తొలకరి వాన పడగానే కుంటలో చేపలు తెల్లబడి తేలేవి. వల లాగినవాళ్లకు చేతులు దురద పెట్టి పొరలు లేచేవి. ఫ్యాక్టరీవాళ్లు వచ్చి సంఘం భవనానికి స్లాబు వేయిస్తామన్నారు, చేపలు తీసుకుపోవడానికి ఒక ట్రాలీ ఆటో ఇస్తామన్నారు, ఒక కాగితం కావాలన్నారు. సమావేశం పెట్టాను. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండి అంటే తొమ్మిది చేతులు లేచాయి. ముప్పై ముగ్గురు ఎత్తలేదు. వద్దన్నవాళ్లు ఎత్తండి అని నేను అడగలేదు. అడగవలసిన పని లేకుండా నా వాక్యం ఉంది కదా. రాశాను. నేను కూడా చెయ్యెత్తలేదు, రాస్తున్నాను. ఆ ముప్పై ముగ్గురిలో నేనొకణ్ణి.

రెండో సంగతి దీనికన్నా చెడ్డది. జిల్లెలకుంట చేప అంటే మేడ్చల్ మార్కెట్‌లో వాసన చూసి పక్కకు జరుగుతారు. అందుకని వేరే చెరువు పేరు చెప్పి అమ్ముతున్నాం. ఆరేళ్లుగా. మేం తినం. అత్త ఆ చేపను ఇంట్లోకి రానివ్వదు. తెలిసి ఊరందరికీ పెడుతున్నాం. నాకు సిగ్గుగా ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా చెప్పకుండా దాటేద్దామనే చూశాను.

మొన్న ఆదివారం సమావేశం పెట్టాను. బల్ల మీద అప్పటికే రెండు కాగితాలు వచ్చి ఉన్నాయి. ఫ్యాక్టరీవాళ్లది, పాత ధ్రువపత్రం మళ్లీ కొత్తగా రాసివ్వమని. విల్లాల కాలనీవాళ్లది, ఫ్యాక్టరీ మూసేయాలనే అర్జీ మీద సంతకం పెట్టమని. కాలనీవాళ్ల కాగితం వెనక పేజీలో కుంట చుట్టూ కంచె వేసి నడక బాట చేయాలని, చేపల వేట ఆపాలని ఉంది. రెండూ చదివి వినిపించాను. తర్వాత నీ సంగతి చెప్పాను, పదిహేడో పత్రం సంగతి.

ఎవరేమన్నా నాకు వినిపించదు. ఒక్కొక్కరు బల్ల దగ్గరికి వచ్చి చెప్పండి, సాలమ్మ పలక మీద రాసి నాకు చూపిస్తుంది అన్నాను. ముందు సత్తమ్మ వచ్చింది. ఆమె నీకు గుర్తుండే ఉంటుంది, లింగస్వామి పెండ్లాం, అతను పోయాక అతని వల తనే వేస్తోంది. నా ముఖంలోకి చూస్తూ మాట్లాడింది. పలక మీదికి వచ్చింది ఇది:

"మేం నోరు ఇప్పకపోతే మా నోట్లె నీ మాట పెట్టినవ్. ఇగ గా రెండు కాయిదాలు పక్కకు వెట్టు. మన కాయిదం మనం రాస్కుందాం."

ఆ మాట తర్వాత ఒక్కొక్కరే లేచారు. సాయంత్రం దాకా పట్టింది. సాలమ్మ చెయ్యి నొప్పి పుట్టి చాక్‌పీసు ఎడమ చేతిలోకి మార్చుకుంది. ముగ్గురు ఈ మధ్య పోయారు కాబట్టి సభ్యులం ముప్పై తొమ్మిది మందిమి. నీళ్ల పరీక్ష అయ్యేదాకా చేప అమ్మకం ఆపి మన కాగితం మనమే రాసుకోవడం మీద అందరూ నోటితో చెప్పారు. ఔనన్నవాళ్లు ముప్పై ఒక్కరు, వద్దన్నవాళ్లు ఎనిమిది మంది. ఇస్తారి వద్దన్నాడు. "చేప అమ్ముకోకపోతే ఏం తినాలె?" అన్నాడు. అది కూడా పుస్తకంలో రాశాను. ఏకగ్రీవం కాని మొదటి తీర్మానం ఇదే.

దాని నకలు దీంతో పంపుతున్నాను. పాత ధ్రువపత్రం చెల్లదు, ఆ రోజు ముప్పై ముగ్గురు ఒప్పుకోలేదు అని రాశాం. నీళ్లు పరీక్ష చేసి ఫలితం ఊళ్లో అంటించేదాకా ఈ కుంట చేప ఏ పేరుతోనూ అమ్మం అని రాశాం. ఫ్యాక్టరీ మూసేయమని అడగలేదు, మన పిల్లలు చాలామంది అందులోనే పనిచేస్తున్నారు. ఏం వదులుతున్నారో గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టమన్నాం. కుంట మాత్రం కాలనీకి ఇవ్వం అని రాశాం.

మొదటి ఉత్తరంలో నీకు స్వతంత్రం గురించి ఏదో చెప్పాను. పెద్దవాళ్లు ఇద్దరూ మిఠాయి పంపడం అని. అది కొట్టేయి. ఈసారి ఇద్దరూ పంపరు.

పదిహేడోదాన్ని తీయకు. దాని మీద ఇది పెట్టు. రెండూ నా సంతకాలే.

మామ
బాలేష్


జెనీవా,
25 జనవరి 2026

మామకు,

నీ కవరు డిసెంబర్ ఇరవై తొమ్మిదిన చేరింది. రెండు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. దాన్ని ఫైలులో పెడితే నీకు ఏమవుతుందో నాకు తెలుసు. పెట్టకపోతే నాకు ఏమవుతుందో కూడా తెలుసు. ముప్పై ఒకటిన పెద్దసారు గదిలోకి తీసుకెళ్లి రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టాను. సంతకం చేసింది మా మేనమామ అని చెప్పాను.

ఆయన చాలాసేపు చదివారు. తెలుగు రాదు, అనువాదమే చదివారు. తర్వాత మూడు పనులు చేశారు. చుట్టం సంగతి కనుక ఈ ఫైలు నీ చేతిలో ఉండకూడదని నన్ను తప్పించి సాయికిరణ్‌కు ఇచ్చారు. బీరువా తీసి తన పాత కాగితం బయట పెట్టారు. ఆ కాగితం జతచేసి, మిగతా ముప్పై తొమ్మిది ధ్రువపత్రాలు ఎలా వచ్చాయో విచారించండి అని ఢిల్లీకి రాశారు. అలా విచారిస్తే ఏం తేలుతుందో అక్కడ అందరికీ తెలుసు కాబోలు, రెండు వారాలు జవాబు లేదు.

పదహారో తేదీ మధ్యాహ్నం మూడున్నరకు వచ్చింది, విచారణ ఊసెత్తకుండా పెద్దసారు కాగితమే పంపమని. నాలుగు ఇరవైకి మన దేశం మౌనం వీడుతున్నట్టు రాసి పంపారు. మినహాయింపు వద్దు, మా నీళ్లు మేమే ముందు పరీక్ష చేసి అందరికీ చూపిస్తాం, శుభ్రం చేసే ఖర్చులో కొనేవాళ్లూ వాటా వేసుకోవాలి, అంతవరకూ ఎవరికీ మందులు ఆపకూడదు. ధనిక దేశాల ప్రతినిధి ఒకాయన నడవలో సాయికిరణ్‌ను పట్టుకుని, మీకు పదేళ్లు ఇచ్చాం కదా, ఇంకేం కావాలని అడిగాడట. మన పరిశ్రమలవాళ్లు అంతకన్నా గట్టిగా అడుగుతున్నారు. మరుసటి రోజు పద్నాలుగు దేశాలు మన మాటకు మద్దతు రాశాయి. అన్నీ మనలాంటివి, మన కన్నా చిన్నవి. ముసాయిదా మళ్లీ మొదటికి వచ్చింది. గెలిచామని చెప్పలేను. మొదటిసారి మన మాట ఒకటి బల్ల మీద ఉంది, దాని గురించి మిగతావాళ్లు పోట్లాడుకుంటున్నారు.

చర్చలో మన ప్రతినిధి మీ సంఘం గురించి చెప్పారు. పేరు చెప్పకుండా, ఒక మత్స్యకార సంఘం ప్రజల ఆరోగ్యం కోసం స్వచ్ఛందంగా చేపల అమ్మకం మానుకుంది అన్నారు. హాలులో చప్పట్లు కొట్టారు. నేను వెనక వరుసలో కూర్చుని విన్నాను. గర్వంగా అనిపించింది.

ఇప్పుడు నేను వీసా కౌంటర్‌లో ఉన్నాను. ఫోటోలు సరైన కొలతలో ఉన్నాయా లేదా చూస్తాను. బాధగా లేదు అంటే అబద్ధం.

నీకు ఒక సంగతి నేనే చెప్పాలి. మన కాగితంలో పరీక్షలు "వీలైనంత త్వరగా" చేస్తాం అని ఉంది. పెద్దసారు మొదటి ప్రతిలో ఆరు నెలలు అని ఉండేది. ఆ కాగితం టైపు చేసి ఫైలు సాయికిరణ్‌కు అప్పజెప్పిన ఆఖరి గంటలో దాన్ని మార్చింది నేనే. తేదీ ఉంటే ఢిల్లీ ఒప్పుకోదని అనుకున్నాను. అప్పుడు అది తెలివైన పని అనిపించింది. సంఘంలో ఈ ఉత్తరం చదివి వినిపించు.

సుచిత్ర


శామీర్‌పేట,
18 ఫిబ్రవరి 2026

సుచిత్ర మేడమ్‌కు,

నేను సత్తమ్మను రాస్తున్న. ఏడో క్లాస్ దాక సదివిన, మాట్లాడినట్టే రాస్త, ఏమనుకోకుండ్రి. చిన్నప్పుడు మీరు మీ మామ సైకిల్ మీద కుంట కాడికి వస్తుంటిరి, నాకు యాదుంది.

మీ ఉత్తరం బాలేష్ సంఘంల సదివిండు. పోయిన నెల ఆయన్ను కార్యదర్శి పనిలకెళ్లి తీసేసినం. గది ఆయన మీకు చెప్పి ఉండడు. ఎన్మిది మంది పోలీస్ కేస్ పెడదామన్నరు. వద్దన్నం. ఆయన తప్పు ఆయనే చెప్పుకున్నడు, సభ్యునిగ ఉండనియ్యుండ్రి అన్నం. ఇప్పుడు వెనక కూసుంటున్నడు. ఆయన అడిగినప్పుడల్ల సాలమ్మ పలక మీద రాసి చూపిస్తది. కార్యదర్శి పని నాకు పెట్టిండ్రు. ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన ట్రాలీ ఆటో వాళ్ల గేటు ముంగట పెట్టి వచ్చినం.

మీ ఉత్తరంల రెండు మాటలు మాకు మంచిగ అనిపియ్యలే.

మొదటిది, మేం స్వచ్ఛందంగ అమ్ముడు ఆపినమని అక్కడ చెప్పిండ్రట, చప్పట్లు కొట్టిండ్రట. గా మాటకు అర్థం ఏందని మా అక్క బిడ్డ రోజారాణిని అడిగిన, కాలేజీల సదువుతది. ఇష్టంతోని అని చెప్పింది. మేం ఇష్టంతోని ఆపలే మేడమ్. ఇజ్జత్ కోసం ఆపినం. రెండు నెల్ల సంది వల ఎండుతాంది. ఇస్తారి కొంపల్లి విల్లాల కాడ గడ్డి కోస్తున్నడు, గా కంచె వెయ్యాలన్నోళ్ల ఇంటి ముంగటనే. నేను మేడ్చల్‌ల ఇండ్లు కట్టేకాడ కూలికి పోతున్న. సంబరపడి ఎవరు ఆపుతరు? మీరు మంచికే చెప్పిండ్రు, నాకు తెలుసు. కని ఇగనుంచి మా ముచ్చట మీరు యాడ చెప్పినా, ముందుగాల మాకు సదివి వినిపియ్యాలె. దేశం తరఫున చెప్పినా అంతే. మేం సరే అంటెనే చెప్పాలె.

రెండోది, వీలైనంత తొందరగ అని రాసిండ్రు. మీరే మార్చినమని చెప్పిండ్రు, దాసుకోలేదు, మంచిది. కని వీలు ఎవరికి కావాలె? వాళ్లకా, మాకా? శ్రావణంల మేం చేపపిల్లలు వదలాలె. నీళ్లు మంచిగున్నయంటే వదుల్తం. చెడ్డగున్నయంటే వదలం, ఈ సంవత్సరం పోతది, పోనియ్యి, వేరే పని జూస్కుంటం. ఏదీ చెప్పకపోతే మేం ఏం జెయ్యాలె? పోయినసారి లెక్క కండ్లు మూసుకొని వదిలి, వేరే చెరువు పేరు మీద అమ్మాల్నా? గా పని మల్ల చెయ్యం. దానికి ముప్పై ఒక్క మంది మాట ఇచ్చినం, ఇప్పుడు ఇస్తారి గూడ ఇచ్చిండు. ముప్పై ఇద్దరం.

మీరు వీసాల పనిల ఉన్నరని బాలేష్ చెప్పిండు. మీ చేతుల లేదు అని మీరు రాస్తరని గూడ చెప్పిండు. మీ చేతుల ఉన్నప్పుడు మార్చిండ్రు గదా. ఎవరి చేతుల ఉందో వాళ్లకు చెప్పుండ్రి. శ్రావణం లోపట జిల్లెలకుంటకు మనుషులు వచ్చి నీళ్లు పట్టుకపోవాలె, ఏం తేలిందో తెలుగుల రాసి ఊళ్లె అంటియ్యాలె. గంత పెద్ద దేశాలను అడ్డుకున్నోళ్లకు గిది పెద్ద పని గాదు.

తేదీ వేసి పంపుండ్రి. జవాబు బాలేష్ పేరు మీద వద్దు, నా పేరు మీద పంపుండ్రి.

సత్తమ్మ
కార్యదర్శి, జిల్లెలకుంట మత్స్య సహకార సంఘం